కొత్తపట్నంలో లేని కొత్తపట్నం వారు

11 ఫిబ్రవరి 2001, ఆదివారం

మా ఇంటిపేరు కొత్తపట్నం. నా పెళ్ళి కుదిరాక, మీ మూలం ఎక్కడిదని మగపెళ్ళివారు అడిగారట. అందుకని మిరపకాయలు కల్లంలో వదిలేసి మరీ పెదనాన్న నన్ను వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డున ఉన్న కొత్తపట్నం వెళ్ళాడు. చేపలు ఎండబెట్టుకునేవాళ్ళ దగ్గర్నుంచి కొట్లవాళ్ళ దాకా అందర్నీ అడిగాం. ఆ ఇంటిపేరుగలవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.

తిరుగు బస్సులో పెదనాన్న మొహం మాడిపోయింది.

"ఊరూ పేరూ లేనోళ్ళమని తేలిపోయిందే. శుభలేఖలో ఇంటిపేరు తీయించేస్తా."

నాకు ఒళ్ళు మండింది.

"మన ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నోళ్ళు మన ఊళ్ళో ఎవరన్నా ఉన్నారా పెదనాన్నా? చీరాలలో ఉన్నారు. ఊళ్ళో ఉన్నోళ్ళని ఊరి పేరు పెట్టి ఎవరు పిలుస్తారు? వదిలొచ్చినోళ్ళనేగా పిలిచేది!"

బస్సంతా తిరిగి చూసింది. చూడనీ. సముద్రం పక్కనుంచి వచ్చి ఈ నల్లరేగడిలో మిరప నాటినవాళ్ళని 'కొత్తపట్నం వాళ్ళు' అని పిలిచింది ఈ ఊరే. ఆ పేరు పుట్టింది ఇక్కడే. సిగ్గుపడాల్సింది ఏముంది అందులో?

పెదనాన్న అన్నాడు. "నువ్వెటూ వచ్చే నెల ఆ పేరు వదిలేసేదానివే. నీకెందుకే అంత పౌరుషం?"

కాబోయే అత్తగారు ఏమంటారోనని ఇప్పటికీ గుబులుగానే ఉంది. అయినా ఆ ప్రశ్నకి జవాబు ఇంటికొచ్చాక దొరికింది. పొద్దున్నే పెదనాన్నకి చెప్తాను. ఊరు వదిలి వెళ్ళినవాళ్ళకే కదా ఆ పేరు. ఈ ఇంట్లోంచి ఇప్పుడు వెళ్ళేది నేనే. మరి అది నాది కాకపోతే ఎవరిది?