నాయన కట్టిన గోడ

చంద్రగిరి

నాయనా, ఇక్కడ అందరం బాగున్నాం. ఫోన్లో చెబితే తిట్టి పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. మా ఇంటికి నువ్వు కట్టిన ప్రహరీగోడను నేనే పడగొట్టించాను. వాననీళ్లు పోయే దారికి అదే అడ్డం. "మీ నాయన కట్టిందే, ఎట్ల కొట్టిస్తావు?" అని అత్త కోప్పడింది. మా గోడ పోయాక, అది చూసి వీధిలో అందరూ కాలువకు అడ్డంగా కట్టుకున్న మెట్లు తీసేశారు. మొన్నటి తుఫానుకు ఒక్క ఇంట్లోకీ నీళ్లు రాలేదు.

అమ్మకు మోకాలినొప్పి తగ్గిందా? నువ్వు తాపీ, రసమట్టం తీసుకుని రా. ఈసారి గోడ అడుగున నీళ్లకు కంతలు వదిలి కట్టాలి. వీధివాళ్లూ నీకోసమే కాచుకుని ఉన్నారు. అమ్మకు, నీకు దండాలు.

ఆ రోజు గోడకు సమ్మెట వేసిన మనిషి చేతులు బొబ్బలెక్కి, "ఎవరమ్మా కట్టినారు దీన్ని? పగలనే పగలదే!" అన్నాడు. మా నాయన అని చెప్పాను.

లోహిత