కాల్లో మిగిలిన స్క్రూ

జూన్ 9, ఉదయం 11
ఆపరేషన్ అయింది. నా కూతురు రక్షిత కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వింది. వార్డులో అందరి ముందూ ఏడ్చేశాను. సిగ్గేముంది. మా పట్టుపురుగుల షెడ్డులో బ్లీచింగ్ నీళ్ళు చల్లిన గచ్చు మీద జారింది పిల్ల. చీలమండ ఎముక విరిగింది, లిగమెంట్ కూడా తెగిందట. ఎముకకు ప్లేటు వేశారు. లిగమెంట్ అతుక్కునేదాకా చీలమండ పైనుండే రెండు ఎముకలనూ కలిపి పట్టడానికి ఒక పొడుగు స్క్రూ. తెగింది ఒకచోట, బిగించేది ఇంకోచోట. అర్థం కాలేదు. అయినా డాక్టరుకు రెండు చేతులా దండం పెట్టాను. మా ఊరు కామసముద్రానికి ఫోన్ చేసి మా ఇంటామె చిన్నవెంకటమ్మకు చెప్పాను, బిడ్డ లేవగానే కురుడుమలె గుడిలో గణపతి చుట్టూ మూడు చుట్లు నడిపిస్తానని మొక్కుకున్నానని.

జూన్ 16
పన్నెండు వారాలకు ఆ స్క్రూ తీస్తారట. ఆ తర్వాతే పూర్తి బరువు. షెడ్డులో పురుగులు మూడో జ్వరానికి కూర్చున్నాయి. పొర విడిచేటప్పుడు అవి మేయవు, కదలవు, మనమూ ముట్టకూడదు. నేను గంటకోసారి దిండు సర్దుతుంటే రక్షిత అంది: "నేనూ జ్వరానికి కూచున్నాననుకోప్పా. ముట్టుకోవాక."

జూలై 1
పాదం వేళ్ళు ఆడించింది. ఐదూ.

ఆగస్టు 5
ఎముక అతికింది. డాక్టరు ఎక్స్-రే చూపించాడు. వాకర్‌తో కొంచెం బరువు పెట్టమన్నాడు, స్క్రూ తీసేదాకా అంతకు మించి వద్దన్నాడు. అతికాక ఇంకా ఆగడమెందుకు? కోలారు బస్టాండులో ముక్కూ మొహం తెలియని వాళ్ళకు కూడా మైసూరుపాక్ పంచాను.

ఆగస్టు 7
కురుడుమలె. చిన్నవెంకటమ్మ వద్దంది. రక్షిత వాకర్ తీసుకుపోదామంది. వాకర్‌తో మొక్కు తీరదని నేనే అన్నాను. నా భుజం పట్టుకుని, చెప్పుల్లేకుండా నడిచింది. నా జన్మలో ఇంత సంతోషం లేదు. మూడో చుట్టులో ఆగింది. "అప్పా, కాల్లో ఏందో టక్ మన్నింది."
"గణపయ్య పలికినాడమ్మా" అన్నాను.

ఆగస్టు 8
నొప్పి లేదంటుంది. మళ్ళీ అడిగితే కోపం. చిన్నవెంకటమ్మ నాతో మాట్లాడటం లేదు.

ఆగస్టు 10
మనసు ఆగక కోలారుకు తీసుకుపోయాను. ఎక్స్-రేలో స్క్రూ రెండు ముక్కలు. గుడి సంగతి దాచకుండా చెప్పాను. డాక్టరు బాగా తిట్టాడు. తర్వాత రక్షిత కాలు అటూ ఇటూ తిప్పి, ఎక్స్-రే మళ్ళీ చూసి, కీలు పక్కకు జరగలేదన్నాడు. లిగమెంట్ పట్టుకుందట. స్క్రూ విరగడం కొందరికి జరిగేదేనట. ముక్కలు లోపలే ఉంటాయట, తియ్యనక్కర్లేదట. ఇంతకీ మంచి జరిగిందా, చెడు జరిగిందా అని అడిగాను.
"నువ్వు చేసింది తప్పు పెద్దాయనా. కాలు బాగుండాది. రెండూ నిజమే" అన్నాడు.
తప్పు చేసినవాడు సంతోషపడవచ్చా? ఎవరిని అడగాలో తెలియలేదు. రక్షిత బస్సులో నా భుజం మీదే నిద్రపోయింది.

సెప్టెంబరు 12
రక్షిత షెడ్డులో ఏ ఆసరా లేకుండా నడుస్తోంది. వాకిట్లో నిలబడి కురుడుమలె వైపు దండం పెట్టాను. ఆ టక్ మన్నది నువ్వేనా స్వామీ, అని అడిగాను. షెడ్డు లోపలి నుంచి రక్షిత పిలుపు వచ్చింది, పురుగులకు ఆకు తెమ్మని.