ఇంకొంచెం వెనక్కి జరుగక్కా

జనవరి 9, శుక్రవారం

ఆఫీస్‌లో లాయర్ మెయిల్ వచ్చింది. హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్ళెవరూ మరీ అత్యవసరమైతే తప్ప దేశం దాటొద్దట. దాటితే తిరిగి రానిస్తారన్న గ్యారంటీ కంపెనీ ఇవ్వదట. కింద ‘హ్యావ్ ఎ గ్రేట్ వీకెండ్’ అని కూడా రాశాడు మహానుభావుడు.

వచ్చే శనివారం నా ఫ్లైట్. డెట్రాయిట్ నుంచి సియోల్‌కి. హైదరాబాద్ నుంచి లలితక్క వస్తుంది. అక్క నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నాకు జడలేసి స్కూల్‌కి పంపింది తనే. మా ఖమ్మంలోనే లెక్కల టీచర్‌గా చేసి, పోయిన జూన్‌లో రిటైరైంది. తెలుగులో డబ్ చేసిన కొరియా సీరియల్స్ అంటే ప్రాణం. వాటిలో కథ కన్నా పెంకుటిళ్ళే ఎక్కువ చూస్తుంది. హానోక్ అంటారు ఆ ఇళ్ళని. సియోల్ నడిబొడ్డున బుక్‌చోన్ అని ఒక పాత పేట ఉంది, వీధులకు వీధులు అవే ఇళ్ళు, ఇంకా జనం కాపురాలు ఉంటున్నారు. రిటైరయ్యాక చూపిస్తానని నేనే మాటిచ్చాను. ఖమ్మం వస్తే బంధువుల ఇళ్ళు తిరగడంతోనే సరిపోతుంది, ఒక్క వారం మనిద్దరమే ఉందామని తనే అంది. మేం కలిసి ఆరేళ్ళయింది.

నా పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా స్టాంప్ ఇంకా ఏడాది ఉంది. కొరియా వీసా కూడా వచ్చేసింది. చట్టప్రకారం నన్ను ఎవరూ ఆపలేదు. ఆపితే బాగుండేది, వాళ్ళనే తిట్టుకునేదాన్ని.

జనవరి 10

రవిశంకర్ వద్దన్నాడు. గట్టిగా అనలేదు. తన వర్క్ పర్మిట్ నా వీసాకి వేలాడుతోందని, ఇంటి లోన్ మా ఇద్దరి జీతాలకీ వేలాడుతోందని గుర్తుచేశాడంతే. భార్య వీసా మీద బతకడం తనకి మాత్రం సరదానా? తిట్టడానికి లేదు.

చక్రపాణి ఫోన్ చేశాడు. మా టీమే. షికాగో ఎయిర్‌పోర్ట్‌లో ఎవరినో నాలుగు గంటలు కూర్చోబెట్టి వెనక్కి పంపారట. ఎవరిని అంటే, వాళ్ళ కజిన్ రూమ్మేట్‌కి తెలిసినవాళ్ళట. వాట్సాప్ గ్రూప్‌లో అదే కథ మధ్యాహ్నానికి డాలస్‌లో జరిగింది. అనుమానం పెనుభూతం అంటారు. మా ఊరు నోవైలో అయితే ఇంటికొక భూతం, అటాచ్డ్ గరాజ్‌తో సహా.

జనవరి 11

టికెట్ క్యాన్సిల్ చేశాను.

అక్కకి ఫోన్ చేసి ప్రాజెక్ట్ రిలీజ్ ఉంది, పనెక్కువ, రాలేను అన్నాను. భయమని చెప్పలేదు. ఖమ్మంలో అందరి లెక్కలో నేను అమెరికాలో సెటిలైన మనిషిని. సెటిలైన మనిషి గుమ్మం దాటడానికి వణుకుతుందని ఎలా చెప్పను?

సరే, తనొక్కతే వెళ్తానంది అక్క. ఇంతవరకూ విమానం ఎక్కని మనిషి.

జనవరి 14

స్నో. ఆఫీస్ లేదు. స్కూల్ లేదు. పాపతో కలిపి ముగ్గురం మూడు గదుల్లో.

జనవరి 18, ఆదివారం

అక్క చేరింది. మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. మేం బుక్ చేసిన హానోక్ గెస్ట్‌హౌస్‌లోనే దిగింది. గది నేల కింది నుంచి వెచ్చగా ఉంటుందట. మంచం లేదు, నేల మీదే పరుపు. మోకాళ్ళ నొప్పులు సగం పోయాయట. మధ్యలో ఆకాశం కనపడే వాకిలి, చుట్టూ గదులు, అచ్చం మండువా ఇల్లే అంటుంది. అక్కకి ప్రపంచంలో ప్రతిదీ ఏదో ఒక మన వస్తువులా ఉండాలి. ఓనరమ్మ పొద్దున్నే గుమ్మడికాయ జావ ఇచ్చిందట. అందులోకి తను తెచ్చుకున్న చింతకాయ పచ్చడి నంజుకుందట.

దేదీప్యకి ఫొటోలు చూపించాను. పదేళ్ళ పిల్ల, ఇక్కడే పుట్టింది, అమెరికా పాస్‌పోర్ట్. ‘మమ్మీ, నువ్వెందుకు వెళ్ళలేదు?’ అని అడిగింది. మళ్ళీ పనే చెప్పాను.

ఖమ్మం దాటనిది అక్క, ప్రపంచం తిరిగింది నేను అనుకునేదాన్ని. అసూయగా ఉంది. రాసుకోడానికి సిగ్గుగా కూడా ఉంది.

జనవరి 19, సోమవారం, రాత్రి 10



డిన్నర్ టైమ్‌కి అక్క వీడియో కాల్ చేసింది. అక్కడ మంగళవారం పొద్దున. బుక్‌చోన్‌లో పేరున్న ఎత్తు సందులో ఉంది. రెండు వైపులా నల్లటి పెంకుల కప్పులు, దూరంగా కింద అద్దాల బిల్డింగులు. ఇక్కడ జనం కాపురముంటున్నారు, నెమ్మదిగా మాట్లాడండి అని బోర్డులు. ఎర్ర జాకెట్ వేసుకున్న పెద్దాయన అదే రాసి ఉన్న అట్ట పట్టుకుని నిలబడ్డాడు. మనకి వీడియో కాల్ అంటే సముద్రాలు దాటేలా అరవడమే కదా. అక్క సౌండ్ తగ్గించి, క్లాసులో పిల్లలాగా గుసగుసలాడింది.

నాకు మాత్రం అన్నీ చూడాలి. నేను చేయాల్సిన యాత్ర, తన కళ్ళతో పూర్తి చేసుకోవాలి. ఆ తలుపు చూపించు అన్నాను. ఆ కప్పు చివర చూపించు అన్నాను. పక్కింటి కప్పు కూడా ఫ్రేమ్‌లోకి రావాలి, ఇంకొంచెం వెనక్కి జరుగక్కా అన్నాను. జరిగింది. ఇంకొంచెం అన్నాను. జరిగింది. చిన్నప్పటి నుంచీ నేనడిగిందల్లా చేసిన మనిషి.

వెనక మెట్టు ఉంది. మెట్టు మీద మంచు.

ఒక్కసారిగా ఫోన్‌లో ఆకాశం. ఒక మూలన వంపు తిరిగిన కప్పు. చప్పుడు లేదు. అక్క అరవలేదు. పడిపోయి కూడా అరవలేదు, బోర్డు చదివింది కదా. అక్కా అక్కా అని నేనే ఇక్కడి నుంచి గొంతు చించుకున్నాను. ఆ పెద్దాయన ముఖం స్క్రీన్ మీదికి వచ్చింది. ముందు వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. పక్కకి చూశాడు. అట్ట కింద పడేసి పరిగెత్తాడు.

జనవరి 20

చీలమండలో రెండు ఎముకలు విరిగాయి. శనివారం ఆపరేషన్, ప్లేట్ వేయాలట. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది, పరవాలేదు. కానీ పక్కన ఇంటి మనిషి ఎవరని నర్సు అడుగుతోందట. అక్కడ పేషెంట్ దగ్గర ఇంట్లోవాళ్ళు ఉండటం ఆనవాయితీ. గెస్ట్‌హౌస్ ఓనరమ్మ రాత్రంతా కూర్చుంది. ముక్కూ మొహం తెలియని మనిషి. ఖమ్మం నుంచి ఎవరు బయల్దేరాలన్నా వీసాకే వారాలు పడుతుంది. వీసా ఉన్నది నా ఒక్కదానికే.

వెళ్తానన్నాను. రవిశంకర్ తల పట్టుకున్నాడు. ఇది అత్యవసరం కాదా అని అడిగాను. అవుననే అన్నాడు, కానీ ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ అలా అనుకోకపోతే ఏమిటన్నాడు. నేను తిరిగి రాలేకపోతే ఇల్లు, తన ఉద్యోగం, పిల్ల బడి అన్నీ పోతాయి. తను చెప్పింది ప్రతి ముక్కా నిజం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

జనవరి 21, పొద్దున

అక్కకి నిజం చెప్పేశాను. పని కాదు, వీసా భయం అని. ఇప్పుడు కూడా భయంగానే ఉందని. తిడుతుందనుకున్నాను. మందుల మత్తులో మెల్లగా మాట్లాడింది.

“భయమని చెప్తే నేనేమన్న అంటనా? పనుందన్నవు చూడు, అది కాలు విరిగినదానికంటే ఎక్కువ నొచ్చింది.”

రావొద్దంది. ఓనరమ్మ ఉందిగా అంది. తర్వాత ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉండిపోయింది. నాకు తన ఊపిరి వినపడుతూనే ఉంది.

అదే రోజు, సాయంత్రం

టికెట్ కొన్నాను. మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. రవిశంకర్‌ని అనుమతి అడగలేదు, చెప్పాను. తను పైకెళ్ళి, నా పెద్ద స్వెట్టర్ తెచ్చి సూట్‌కేస్‌లో పెట్టాడు. వదినకి పనికొస్తుందన్నాడు.

జనవరి 22, గురువారం, డెట్రాయిట్ ఎయిర్‌పోర్ట్

దేదీప్య మెడ పట్టుకుని వదల్లేదు. సండేకల్లా వచ్చేస్తావా అని అడిగింది. చూస్తానన్నాను. రవిశంకర్ ‘జాకెట్ జిప్ పెట్టుకో’ అన్నాడు.

గేట్ దగ్గర కూర్చున్నాను. చక్రపాణి మరో మెసేజ్ ఫార్వర్డ్ చేశాడు. ఈసారి సియాటిల్. చదవలేదు. అబద్ధం, రెండుసార్లు చదివాను. బోర్డింగ్ పిలిచారు. లేచాను. కూర్చున్నాను. బ్యాగ్ తీసుకుని బయటికెళ్ళే దారి వైపు నడిచాను, కాఫీ షాప్ దాకా. ఇప్పుడు ఇంటికెళ్ళిపోతే నన్ను ఎవరూ ఒక్క మాట అనరు. అక్క అసలే అనదు. అదే నన్ను వెనక్కి తిప్పింది.

కౌంటర్‌లో అమ్మాయి చివరి పిలుపు అంటూ నా పేరు చదివింది. చీల్చి చెండాడి చదివింది. అయినా నా పేరే.

12:50, సీట్ 41ఎఫ్

తలుపు వేసేశారు. ఇక దిగుతానన్నా దిగనివ్వరు. హాయిగా ఉంది.