లోతోమోతు మందుల షాపు నుంచి కృతజ్ఞతలతో

లోతోమోతు దీవి,
మార్చి 4

సంఘం మందుల షాపుల పెద్దాఫీసులో కొత్త అధికారిగారికి,

దేవుడి దయవల్ల ఇక్కడ క్షేమం. ఈ దీవిలో షాపు పెట్టినందుకు కృతజ్ఞతలు. నన్ను ఫార్మసిస్టుగా ఉంచినందుకు కృతజ్ఞతలు. నాతో పనిచేసిన ఇద్దరూ న్యూజిలాండ్ వెళ్ళిపోయారు. అక్కడ సుఖంగా ఉన్నారని విని సంతోషించాను. పొద్దున ఆరింటికి తలుపు తీసి రాత్రి పదింటికి వేస్తున్నాను. మధ్యలో ప్రార్థనకి ఐదు నిమిషాలు దొరుకుతున్నాయి. అందుకూ కృతజ్ఞతలు. నాలాంటి చిన్నదాని సంగతులతో పెద్దల సమయం పాడుచేయను.

ఇట్లు,
ఎసేతా లాతు

తా.క. మీ దగ్గర ఎవరైనా ఒక మనిషి ఖాళీగా ఉంటే, ఉన్నారని మాత్రం తెలియజేయండి.


నుకుఅలోఫా,
మార్చి 11

ఎంతో ప్రియమైన ఎసేతాగారికి,

నేను ఆక్లండ్‌లో పుట్టి పెరిగి, ఈ కుర్చీలోకి వచ్చి ఇరవై రోజులైంది. వచ్చిన దగ్గర్నుంచీ ఫిర్యాదులే. ఒకరికి ఫ్యాన్ కావాలి, ఒకరికి సెలవు కావాలి. ఇన్నిటి మధ్య మీ ఉత్తరం. కూర్చుని చదవలేకపోయాను, లేచి నిలబడి చదివాను. సమావేశంలో మళ్ళీ గట్టిగా చదివాను. రోజుకి పదహారు గంటలు ఒంటరిగా పనిచేస్తూ మూడుసార్లు కృతజ్ఞతలు చెప్పిన మనిషి మా సంఘంలో ఉందని అందరికీ తెలియాలి కదా. అద్దం కట్టించిన ప్రశంసాపత్రం పడవలో పంపుతున్నాను.

మీ అభిమాని,
ఇసిలేలి సామివేలా, బి.ఫార్మ్., అధికారి

తా.క. మీరడిగినట్టే విచారించాను. ఇక్కడ ఎవరూ ఖాళీగా లేరు. వింటే సంతోషిస్తారని చెబుతున్నాను.


లోతోమోతు,
మార్చి 25

అధికారిగారికి,

ప్రశంసాపత్రం అందింది. అద్దం పగల్లేదు. కృతజ్ఞతలు. గోడకి తగిలించాను. దాన్ని చూసి, ఇక్కడి మందులు మరీ మంచివని పక్క దీవుల వాళ్ళు కూడా పడవలేసుకుని వస్తున్నారు. ఇప్పుడు తలుపు వేసేది పదకొండింటికి. కాళ్ళు వాచాయి. బకెట్ నీళ్ళలో పెట్టుకుని మాత్రలు లెక్కపెడుతున్నాను. బకెట్ సంఘానిదే, అందుకు కృతజ్ఞతలు. మీకు, మీ అమ్మానాన్నలకి, మీకు చదువు చెప్పిన వాళ్ళందరికీ కృతజ్ఞతలు.

ఇట్లు,
ఎసేతా

తా.క. ఆదివారం ఈ దేశంలో ఎవరూ పనిచేయరు. చర్చిలో నా వెనక వరసలో వాళ్ళు మాత్రం భుజం తట్టి మందుల చీటీ చేతిలో పెడుతున్నారు. పాస్టరుగారు తన చీటీ బైబిల్లో పెట్టి పంపారు.


నుకుఅలోఫా,
ఏప్రిల్ 2

ఎసేతాగారికి,

చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. మిగతా షాపుల వాళ్ళు పని గంటలు తగ్గించమంటుంటే, మీరు ఎవరూ అడక్కుండానే ఇంకో గంట పెంచారు. ఈ ఉత్సాహాన్ని వృథా పోనివ్వకూడదని సమావేశంలో నేనే పట్టుబట్టాను. ఇక నుంచి పక్కనున్న రెండు దీవుల షాపులు కూడా మీ చేతికిందే. మీ కాళ్ళ సంగతి మర్చిపోయాననుకోకండి. రెండో బకెట్ పంపుతున్నాను.

మీ అభిమాని,
ఇసిలేలి

తా.క. మీకు నచ్చే రంగు తెలియక నీలం పంపాను. కాలికొకటి వాడుకోవచ్చు.


లోతోమోతు,
ఏప్రిల్ 18

అధికారిగారికి,

బకెట్ అందింది. కృతజ్ఞతలు. నీలం మంచి రంగు. రెండు దీవులిచ్చినందుకు కృతజ్ఞతలు.

గురువారం సాయంత్రం సియాలే తన కొడుకుని ఎత్తుకొచ్చింది. వాడికి మూడేళ్ళు, జ్వరం. సిరప్ ఇవ్వాలి. నా చెయ్యి వాళ్ళ తాత గుండెమందు సీసా అందుకుంది. దాని మీద పిల్లవాడి పేరు కూడా రాశాను. ఇవ్వబోతూ చూసి మార్చాను. తల్లి గమనించలేదు. నవ్వుతూ నాకొక సీమపనసకాయ ఇచ్చి వెళ్ళింది.

ఆ బిడ్డని కాచిన దేవుడికి కృతజ్ఞతలు. మీకు కృతజ్ఞతలు. మీ ఆఫీసు గోడలకి, కుర్చీలకి, మెట్లకి కృతజ్ఞతలు.

ఇట్లు,
ఎసేతా

తా.క. ఆ కాయ నేను తినలేకపోయాను.


నుకుఅలోఫా,
ఏప్రిల్ 24

ఎసేతాగారికి,

ఈ ఉత్తరం మొదట ఇంకోలా మొదలుపెట్టాను. మా మెట్లకి కూడా కృతజ్ఞతలు అందాయని నలుగురినీ పిలిచి చదవబోయాను. పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం మడిచి అందర్నీ పంపేశాను. అయినా మీరేమీ అడగలేదు కదా, ఏం చెయ్యాలో తోచక ఆక్లండ్‌లో ఉన్న నాన్నకి ఫోన్ చేసి మీ మూడు ఉత్తరాలూ చదివి వినిపించాను.

నాన్న అన్నాడు, "ఒరే ఇసిలేలీ, ఆవిడ కేకలు పెడుతోందిరా. నీకు వినబడటం లేదూ?"

"కృతజ్ఞతలు చెబుతోంది నాన్నా."

"మన దీవుల్లో అడగాల్సింది ఎంత పెద్దదైతే ముందు చెప్పే కృతజ్ఞతలు అంత పొడుగురా. మెట్ల దాకా వచ్చిందంటే ఇల్లు తగలబడుతున్నట్టే."

తర్వాత మీ పేరు అడిగాడు. చెప్పాను. మీరు ఆయన పెదనాన్నగారి పెద్దకూతురట. నాన్న ఆక్లండ్‌లో తన సొంత పేరునే ఇంటిపేరుగా రాయించుకున్నాడు కాబట్టి నేనెవరి కొడుకునో మీకు తెలిసే దారి లేదు. అంటే మీరు నాకు మేనత్త. మన దీవుల ఆచారం ప్రకారం మేనత్త మాటకి ఎదురు చెప్పకూడదట. నా ఇంట్లో ఏది చూపించి మీరు 'ఇది నాది' అంటే అది ఇచ్చెయ్యాలట. నిజమేనా? ఏం చెయ్యమంటారో చెప్పండి.

ఇసిలేలి

తా.క. నాన్న మీ పేరు పలికేటప్పుడు ఫోన్ పట్టుకుని లేచి నిలబడ్డాడట. అమ్మ చెప్పింది.


లోతోమోతు,
మే 1

ఇసిలేలీ,

నిజమే.

నువ్వూ ఫార్మసీ చదివినవాడివే. గురువారం పడవకి రా. కౌంటర్‌లో నిలబడు. నీ కుర్చీ నాకు కావాలి.

అత్త

తా.క. కృతజ్ఞతలు రాయడం మర్చిపోలేదు.


లోతోమోతు,
మే 16

పూజ్యులైన అత్తగారికి తలవంచి నమస్కారాలు.

దేవుడి దయవల్ల క్షేమం. నన్ను ఇక్కడ నిలబెట్టినందుకు కృతజ్ఞతలు. నిన్న నూట నలభై చీటీలు వచ్చాయి. ఇక్కడి ఆచారం ప్రకారం పెద్దల మీద గౌరవంతో నడుముకి చాప చుట్టుకుని వచ్చానా, అది కౌంటర్‌కి తట్టుకుంటోంది. విప్పుదామంటే, అత్త షాపులో చాప విప్పుతాడా అని ముసలమ్మలు బుగ్గలు నొక్కుకుంటున్నారు. ఆ పిల్లవాడు గుర్తొచ్చి ఒక్కో చీటీ మూడుసార్లు చదువుతున్నాను. ఆ చదివేలోపు వరస రేవు దాకా వెళుతోంది. సాయంత్రానికి అక్షరాలు ఈదుతున్నాయి. భయంగా ఉంది అత్తా. అంటే, సంతోషంగా ఉంది.

మీకు కృతజ్ఞతలు. సముద్రానికి కృతజ్ఞతలు. మీరు మర్చిపోయిన కళ్ళద్దాల పెట్టెకి, తలుపు వెనకున్న మీ చెప్పులకి కృతజ్ఞతలు.

మీ మేనల్లుడు,
ఇసిలేలి

తా.క. నేనేమీ అడగటం లేదు.


నుకుఅలోఫా,
మే 22

ఇసిలేలీ,

చెప్పుల దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడ్డాను.

ఆఫీసంతా తిరిగి చూశాను. వెనకగదిలో ఇద్దరు ఫార్మసిస్టులున్నారు. షాపుల్లో పనిచేసేవాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో ఏడాదిగా పట్టిక వేస్తున్నారు. లోతోమోతుకి నూటికి నూరు వేశారు. పెట్టెలు సర్దుకోమన్నాను. మాకు చెప్పడానికి మీరెవరని ఒకడు అడిగాడు.

"మీ నాన్న పేరేమిటి నాయనా?" అన్నాను.

ఇద్దరూ సర్దుకోవడం మొదలుపెట్టారు. ఈ గురువారం పడవకి వస్తారు. ఇక నుంచి ఎవరూ ఎనిమిది గంటలు దాటి నిలబడొద్దు. చీటీలు మాత్రం ఇప్పటిలాగే మూడుసార్లూ చదువు.

దేవుడు నిన్ను కాయుగాక.

అత్త

తా.క. ఆ ఇద్దరిలో ఒకడికి నేను నిజంగానే మేనత్తని. రెండోవాడికి ఏమీ కాను. దేవుడు క్షమించాలి, ఆ మాట పడవ కదిలాక చెబుతాను.