కోట కింది గేటు

కార్మార్థెన్‌షైర్, జూలై 1976

లోరీ తల్లీ, మేమిద్దరం క్షేమమే గాని నా మనసు మనసులో లేదు. నిన్న కారెగ్ కెన్నెన్ కోటకు ఎక్కుతుంటే దారిలో పొలం గేటు బార్లా తీసి ఉంది. మీ నాన్న చెయ్యి ఊరుకుంటుందా? మూసి గొళ్లెం పెట్టేశారు. తీరా కోట మీంచి చూస్తే, గొర్రెలన్నీ ఆ గేటు దగ్గర గుమిగూడి ఒకటే అరుపులు. ఈ ఎండల్లో వాటికి వాగు నీళ్లకు అదొక్కటే దారట! కోట చూడ్డం మానేసి పరుగున దిగేసరికి ఆ పొలం ఆవిడ గేటు తీస్తోంది.

"ఏమయ్యా, పట్నం నుంచి వచ్చావా? గేటు ఎలా ఉంటే అలా వదిలెయ్యాలని తెలీదూ?" అంది.

నలభై ఏళ్లు గొర్రెల్ని మేపిన మనిషి తల దించుకుని, "అవునమ్మా, పట్నమే" అన్నారు. రాత్రి ముద్ద ముట్టలేదు.

డబ్బాలో ఎండుద్రాక్షల రొట్టె ఉంది, బూజు పట్టకముందే తినెయ్యి. కుంటి గొర్రె కాలు మానిందా? మన దిగువ పొలం గేటు కూడా వాగు కోసమే తీసిపెట్టి వచ్చాం. నువ్వు మూయవులే అని ధైర్యంగా ఉందామంటే, నీకు వచ్చినవి ఆయన చేతులే. చల్లగా ఉండు తల్లీ, ఆ గేటు జోలికి మాత్రం పోకు.

మీ అమ్మ, టెగ్వెన్