‘కోసం’ అని రాసింది నేనే

అయ్యా, మా అమ్మాయి మనసు బల్ల గెలిచిందండీ! రెండు వందల పన్నెండు బళ్ళలో పెట్టమని తమరి సంతకంతోనే ఉత్తర్వు వచ్చిందండీ!

విద్యాశాఖ పెద్ద అధికారి గారి సముఖమునకు,

విషయం: సదరు బల్ల మీది తప్పు అక్షరము నాదే అయినందున, దాని నిమిత్తం మా అమ్మాయికి ఇచ్చిన మెమోను నా పేరున మార్చుట గురించియు, తనిఖీ అధికారి గారిని రెండో తరగతిలో చాప మీద కూర్చోబెట్టుట గురించియు.

నేను వడ్రంగిని. వయసు డెబ్బై మూడు. చదివింది నాలుగో తరగతి, అదీ వానాకాలం చదువు. తమరి ఉత్తర్వు చూసిన దగ్గర్నుంచి కాలు నేల మీద నిలవడం లేదు, మోకాళ్ళ నొప్పి ఎక్కడికి పోయిందో తెలియదు. తమరు చల్లగా ఉండాలి. తమరి పిల్లలు చల్లగా ఉండాలి. తమరి తనిఖీ అధికారి గారు మాత్రం అంత చల్లగా ఉండనవసరం లేదు. కారణాలు ఈ దిగువ మనవి చేసుకుంటున్నాను.

1. సదరు బల్ల వివరము. మా అమ్మాయి రెండో తరగతి టీచరు. పిల్లలు కొట్టుకున్నా, కరుచుకున్నా, కిందపడి దొర్లినా బెత్తం పట్టదు. గది మూల ఒక చాప పరిచింది. పక్కన ఇసుక గడియారం పెట్టింది. గోడకు గుండ్రటి బల్ల ఒకటి తగిలించింది. దాని మీద నాలుగు గడులు: పసుపులో సంతోషం, నీలంలో దిగులు, బూడిద రంగులో భయం, ఎరుపులో కోపం. మధ్యలో తిరిగే ముల్లు. మనసు బాగాలేని పిల్ల ముల్లును తన గడి మీదికి తిప్పి, ఇసుకంతా జారేదాకా చాప మీద కూర్చుంటుంది. అప్పుడు టీచరు వచ్చి ఒక్క ప్రశ్న అడుగుతుంది. బల్ల కోసింది, చిత్రిక పట్టింది, రంగులు వేసింది, అక్షరాలు రాసింది నేను.

2. సదరు తప్పు. నాకు ‘ప’కీ ‘స’కీ చిన్నప్పటి నుంచీ చిక్కే. ఎర్ర గడిలో ‘కోపం’ రాయబోయి ‘కోసం’ రాశాను. రాశానని నాకు తెలియదు. మా అమ్మాయి చూసి, సెలవు రోజున దిద్దుదాంలే అనుకుందట. పిల్లలు అప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చారు కదా, ఉన్నది ఉన్నట్టు చదివేశారు. మర్నాడు ఒక పిల్ల (దాన్ని అందరూ కొరుకుడు పిల్ల అంటారు) పక్కవాడి చెయ్యి కొరికి, తనే వెళ్ళి ముల్లు తిప్పి కూర్చుంది. తర్వాత జరిగింది బడి ఆయా కళ్ళారా చూసి చెప్పింది.

“టీచర్, నాకు కోసం వచ్చింది.”

మా అమ్మాయి దిద్దబోయి ఆగి, “ఎవరి కోసం వచ్చింది తల్లీ?” అందట.

“అమ్మ కోసం. పొద్దున్నుంచీ తమ్ముణ్ణే ఎత్తుకుంది. నన్ను ఎత్తుకోలేదు.”

ఆ రోజు నుంచి ఆ పిల్ల ఎవరినీ కొరకలేదండీ. మా అమ్మాయి అక్షరం దిద్దలేదు. ‘ఎందుకొచ్చింది’ అని అడిగితే పిల్లలు నోరు కుట్టేసుకుంటారు, అది పోలీసు ప్రశ్న. ‘ఎవరి కోసం’ అంటే కడుపులోది కక్కేస్తారు, అది అమ్మ ప్రశ్న. ఇంటికొచ్చి “ఇవాళ నలుగురికి కోసం వచ్చింది నాన్నా” అనేది. పిల్లల ముద్దుమాట కాబోలనుకుని నేనూ నవ్వేవాణ్ణి.

3. తనిఖీ అధికారి గారి రాక. వారిని పిల్లలు ఎర్రసిరా సారు అంటారు. వారు వచ్చిన రోజు నేను వరండాలో బెంచీ కాలు బిగిస్తున్నాను. లోపలి మాటలు చెవిన పడ్డాయి.

“ఇది తరగతి గదా, అలిగినవాళ్ళ సత్రమా? ఏమిటా బల్ల? ఎవరు రాశారది?”

“నేనేనండి,” అంది మా అమ్మాయి.

“నువ్వేనా? అక్షరాలు రానిదానివి టీచరు ఎలా అయ్యావమ్మా? పీకెయ్యి దాన్ని!”

ఆ ‘పీకెయ్యి’ మాత్రమే పట్టుకుని నేను ఆయన్ను తిట్టుకున్నాను. అయ్యా, ఇంకో మాట దాచను. చేసింది నేనైతే ‘నేనే’ అంటుందేమిటి, తండ్రి చేశాడని చెప్పుకోవడానికి నామోషీయా అని మా అమ్మాయి మీద కూడా రెండు రోజులు అలిగాను. అన్నం పెడితే ఆకలి లేదన్నాను. అది కంచం మీద మూత పెట్టి వెళ్ళింది.

4. సదరు మెమో. “అక్షర జ్ఞానము కొరవడి పిల్లల భాష చెడగొట్టినందున” అని వారు స్వహస్తాలతో ఎర్రగా రాశారు. అది మా అమ్మాయి సర్వీసు పుస్తకంలో అంటించి ఉంది. అది ఉన్నన్నాళ్ళూ హెడ్‌మాస్టరు పదవికి తన పేరు పంపరట. నాతో మాత్రం “ఆలస్యంగా వెళ్ళాను, అందుకు ఇచ్చారు నాన్నా” అని చెప్పింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి అది ఎక్కడికీ ఆలస్యంగా వెళ్ళలేదండీ. నమ్మిన నన్ను అనాలి.

5. తరువాయి సంగతి. బల్ల సామాన్ల గదిలో పడింది. పిల్లలు ఊరుకోలేదు, సుద్దముక్కతో నేల మీద నాలుగు గడులు గీసుకుని, కోసం వచ్చినవాళ్ళు అందులో నిలబడ్డారు. తమరి కచేరీ నుంచి వచ్చిన పెద్దలు అది చూసి మెచ్చుకున్నారు. అంతే, ఎర్రసిరా సారు రంగులు మార్చారు. ఉత్తర్వులో ఫొటో ఆయనది, ముల్లు మీద చెయ్యి ఆయనది, ముల్లు సంతోషం మీద ఉంది. కింద “తనిఖీ అధికారి సవరణతో” అని అచ్చు. మా అమ్మాయి ఊసు ఆఖరి వరుసలో చీమ తలకాయంత. ఏమిటా సవరణ అని చూస్తే, నా మనవరాలు చదివి చెప్పింది: “తాతా, ఇందులో ‘కోపం’ అని ఉంది. నువ్వు రాసింది ‘కోసం’ కదా?”

అప్పుడు తెలిసిందండీ. ఆయా దగ్గరికి పరిగెత్తాను, అన్నీ తెలిశాయి. ‘నేనే’ అని అది ఎందుకన్నదో కూడా తెలిసింది.

కాబట్టి నా కోరికలు:

అ) సదరు మెమో మా అమ్మాయి పుస్తకంలోంచి చింపి నా పేరున ఇప్పించవలెను. పటం కట్టి గోడకు పెట్టుకుంటాను.

ఆ) రెండు వందల పన్నెండు బల్లల మీదా ‘కోసం’ అనే అచ్చు వేయించవలెను. ఆ అక్షరం తీసేస్తే అది ఉత్త చెక్క.

ఇ) ఎర్రసిరా సారు రెండో తరగతికి వచ్చి, పిల్లలందరూ చూస్తుండగా తన చేత్తో ముల్లు తిప్పి, ఇసుక జారేదాకా కూర్చోవలెను. చాప మీద కూర్చోలేనంటే నాలుగు కాళ్ళ పీట నేనే చేసిస్తాను. ఒక కాలు అర అంగుళం పొట్టిగా ఉంటుంది. కదిలితే టకటకమని పిల్లలకు తెలిసిపోవాలి. ఇసుక అయ్యాక ప్రశ్న కొరుకుడు పిల్ల అడుగుతుంది. జవాబు చెప్పేదాకా ఇసుక గడియారం మళ్ళీ మళ్ళీ తిరగేస్తూ ఉండవలెను. నేను గుమ్మంలో నిలబడి చూస్తాను. నాకు పెద్ద తొందరేమీ లేదు.

ఇంత కక్ష ఎందుకయ్యా ఈ ముసలాడికి అని తమరు అనుకోవచ్చు. ఎందుకు అని అడగకండి. ఎవరి కోసం అని అడగండి, చెబుతాను.

తమరు తీరిక చేసుకుని, కళ్ళజోడు తుడుచుకుని మరీ చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయుడు, బల్ల చేసినవాడు, తప్పు రాసినవాడు,
రెండో తరగతి టీచరమ్మ తండ్రి.

తా.క. ఈ అర్జీ మనవరాలు దిద్దింది. ‘ప’లూ ‘స’లూ సరిగ్గా ఉంటే అది దాని గొప్ప.

ఈ సంగతి తెలియజేయవలసినవారు:

మా పెద్ద బావమరిది: “వడ్రంగి కూతురు టీచరవుతుందా” అన్నవాడు. ముందు వాడికి, గట్టిగా, నలుగురిలో.
మా తమ్ముడు, మరదలు: ఇద్దరికీ విడివిడిగా, లేకపోతే పోట్లాడుకుంటారు.
మా వియ్యపురాలు: చెవుడు, రెండుసార్లు చెప్పాలి.
మా అల్లుడు: తెలుసు, అయినా చెప్పాలి.
నా భార్య: పక్కనే కూర్చుని “ఆ పీట కాలు ముప్పావు అంగుళం తగ్గించు” అంటోంది.
మా అమ్మాయి: తప్పు నాదని దానికి మొదటి నుంచీ తెలుసు. నాకు తెలిసిపోయిందని మాత్రం ఇంకా తెలియదు. దానికి ఎవరూ చెప్పవద్దు. ఆ రెండు రోజులు అలిగినందుకు, ముల్లు తిప్పి, చాప మీద కూర్చుని నేనే చెప్పుకుంటాను.