కాలికి తెలియని వేడి

మార్చి 12, 2001. సోమవారం

కుడి పిక్క కాలింది. అరచేయంత.

నాకు తెలియలేదు. వెనక కూర్చున్న సుగుణకు వాసన తగిలింది. "మల్లేశన్నా, బండి ఆపు. ఏందో కాలుతున్నది." వైరేమో అనుకున్నాను. కాలువ వంతెన దగ్గర ఆపి చూస్తే ప్యాంటు గుడ్డ సైలెన్సర్ గొట్టానికి అతుక్కుపోయి ఉంది... దాని వెనక చర్మం. కాలును కట్టిన పట్టీ వదులై కాలు లోపలికి జారింది. ఎంతసేపైందో!

ఆమే రెండు చేతులతో కాలెత్తి పక్కన పెట్టింది. కాలువ నీళ్లు తెచ్చి పోసింది.

"నొస్తలేదా?" అని, వెంటనే నాలుక కరుచుకుంది.

మండలాఫీసు అరుగు మీద నేను దరఖాస్తులు రాస్తాను, లోపల ఆమె అటెండరు. తాటిచెట్టు మీంచి పడ్డప్పటి నుంచీ నడుము కింద నాకేమీ తెలియదని అక్కడ అందరికీ తెలుసు. అయినా అడిగింది. అమ్మ పోయాక ఇంకెవరూ అడగని మాట.

మార్చి 13

దవాఖాన. కట్టు కట్టారు. డాక్టరు — "నొప్పి లేకపోవుడే నీకు డేంజర్. రోజూ కండ్లతోని చూసుకో. పుండు ఎముక దాకా పోతే కాలు తీసెయ్యాలె."

పిక్క వెనక భాగం నాకెలా కనపడుతుంది? వచ్చేటప్పుడు చేతి అద్దం కొన్నాను.

మార్చి 16

బండి ఖాజా భాయ్ షెడ్డులో. పాత మోటారు సైకిలుకు వెనక ఇరుసు వేసి రెండు చక్రాలు బిగించింది ఆయనే. గేరు చేతికి అందేలా కడ్డీ అతికించిందీ ఆయనే. తిట్టాడు. "రెండు చక్రాలు గుంజే ఇంజన్ భాయ్ ఇది. మూడు చక్రాలు, ఇద్దరు మనుషులు... గరం గాకుంటే ఏమైతది?"

ఆయన షరతులు. సగం దారిలో ఆపి చల్లారనివ్వాలి. రెండో గేరులో ఎక్కువసేపు లాగకూడదు. ఆయిల్ నల్లబడకముందే మార్చాలి. ఎంత ఉడికినా ఇంజను మీద నీళ్లు పోయకూడదు — "హెడ్ పలుగుతది." కాలికి తడి గోనెసంచి చుట్టుకోవాలి.

ఇంజనుకు ఇన్ని జాగ్రత్తలు. కాలికి ఒకటి.

మార్చి 19

సుగుణకు మళ్లీ బస్సు తప్పింది. వంతెన దగ్గర ఆపాను. తనే దిగి, గోనెసంచి జరిపి, పిక్క మీద, కట్టు పక్కన అరచెయ్యి ఆనించింది.

"ఇంకా ఉడుకున్నది. కూసో జరసేపు."

చెయ్యి అక్కడే ఉంది. ఒకటే గాజు. గోటి అంచున ఆఫీసు సిరా. నేను చూస్తున్నాను... చూపు తిప్పితే ఆ చెయ్యి లేనట్టే.

ఏప్రిల్ 3

ఇప్పుడు బస్సు రోజూ తప్పుతోంది.

వంతెన మీద పావుగంట. భర్త పోయాక అదే ఆఫీసులో ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. "ఆయన కూసున్న కుర్సీ ఇంకా ఆడ్నే ఉన్నది. రోజూ నేనే తుడుస్త" అంది. చెయ్యి మాత్రం తీయలేదు.

ఊరు రాకముందే మలుపు దగ్గర దిగుతుంది. అత్తకు ఎవరైనా చెబుతారని. మిగిలిన దారి నడుస్తుంది. నేను ముందుకు పోతాను. బండి అద్దంలో చిన్నదవుతూ...

ఏప్రిల్ 8, ఆదివారం

చర్చికి పోయి ఉంటుంది. బండి తీయలేదు. ఇంజను చల్లగా ఉంది.

ఏప్రిల్ 17

ఖాజా భాయ్ కబురు పెట్టి పిలిచాడు. గొట్టానికి, కాలికి మధ్య ఇనప రేకు బిగించాడు — వంపు తిరిగి, లోపల మందంగా ఆస్‌బెస్టాస్ పట్టీ, నాలుగు బోల్టులు. రుద్రూర్ దాకా తోలి వచ్చాను. పిక్క ముట్టుకుంటే గాలికి ఉన్న వేడే తప్ప వేరే లేదు.

"అబ్ ఫికర్ నక్కో, ఇగ రంది వద్దు" అని వీపు మీద కొట్టాడు. వారం రోజులు కూర్చుని చేశాడట. మంచివాడు.

ఏప్రిల్ 18

వంతెన. ఆమె చెయ్యి పెట్టి చూసింది.

"సల్లగున్నది!" అంతే. తీసేసింది. సంతోషపడింది. నిజంగానే.

ఏప్రిల్ 19

"ఇగ ఆగుడెందుకు? పోదాం పా."

ఆగలేదు.

ఏప్రిల్ 21

పావుగంట ముందే ఇల్లు చేరుతున్నాను. ఆ పావుగంటతో ఏం చేయాలో తెలియడం లేదు. అన్నం వండాను. తిన్నాను. గిన్నె కడిగాను. ఇంకా వెలుతురు ఉంది.

ఏప్రిల్ 24

రేకు తీసేశాను.

నేల మీద కూర్చుని, నాలుగు బోల్టులూ విప్పి, మంచం కింద తోశాను. దారిలో ఎక్కడో ఊడిపడిపోయిందని సుగుణకు చెప్పాను. "అయ్యో, ఖాజా భాయ్‌కి చెప్పకపోయినవా?" చెప్పానన్నాను. రెండు అబద్ధాలు.

వంతెన దగ్గర ఆగాం.

ఏప్రిల్ 30

జాగ్రత్తగానే ఉంటున్నాను. గోనెసంచి రెండు మడతలు. పొద్దున అద్దం, సాయంత్రం అద్దం. పాత మచ్చ మీద కొత్త చర్మం గులాబీ రంగులో. ఎంత వేడి దాకా పోవచ్చో నాకు తెలుసు.

ఇవాళ ఎత్తు దగ్గర రెండో గేరులోనే లాగాను. కావాలనే. వంతెన చేరేసరికి ఇంజను టిక్కు టిక్కుమంటోంది. "గింత ఉడుకా!" అని రెండు చేతులూ పెట్టింది.

సిగ్గుగా ఉంది. రాసేశాను, ఇక చదవను.

మే 10

ఆమె సెలవు. అత్తకు జ్వరం.

ఒంటరిగా వచ్చాను. ఎదురుగాడ్పు, నిప్పులా. వంతెన దగ్గర ఆగాలనిపించలేదు — ఎవరి కోసం ఆగాలి? గోనెసంచి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఇంటి ముందు దిగబోతే చెప్పు తడిగా తగిలింది చేతికి. నీళ్లు కాదు.

అద్దం పెట్టి చూశాను. మళ్లీ పెట్టలేదు.

మే 11

బాన్సువాడ దవాఖాన. చేర్చుకున్నారు. డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. "మూడు నాలుగు రోజులు చూద్దాం. నల్లబడకుంటే సరి."

మే 12

బట్టలు తెచ్చిపెడతానని సుగుణ తాళంచెవి తీసుకుపోయింది. పోయాక గుర్తొచ్చింది... బట్టల పెట్టె మంచం కిందే కదా.

మే 13, ఆదివారం

చర్చి నుంచి నేరుగా వచ్చింది. లుంగీలు, తువ్వాలు. తువ్వాలులో చుట్టి రేకు. నా పక్కన పరుపు మీద పెట్టింది.

"దారిల పడిపోయిందంటివి గద."

నేను కిటికీ వైపు చూశాను.

"నాకెల్లి చూడు. ఎందుకు తీసినవ్?"

వేరే అబద్ధం ఏదీ దొరకలేదు. "సల్లగుంటే నువ్వు చెయ్యి పెట్టవ్."

పక్క మంచం ముసలాయన దగ్గుతూనే ఉన్నాడు.

"పెడితే నీకు తెల్వది గద!"

"చూస్తే తెలుస్తది."

ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపో, కోపమో కనపడలేదు. "కాలు పోతే? అడిగితే అయిపోతుండె గద... నోరు లేదా నీకు?" అని లేచి వెళ్లిపోయింది. రేకు తీసుకునే పోయింది.

అడిగితే. ఏమని అడుగుతారు దాన్ని? లోకంలో అందరికీ దరఖాస్తు రాసిపెడతాను.

మే 14

రాలేదు.

మే 15

రాలేదు. ఖాజా భాయ్ వచ్చాడు. నిన్న ఆమె రేకు తెచ్చి షెడ్డులో ఇచ్చి, తీయరాకుండా వెల్డింగు చేయమందట. "ఏమైంది భాయ్? బోల్టులు మంచియే గద?" ఆయన వారం రోజుల పని అది. ముఖం చూడలేకపోయాను. చెప్పాను, అంతా కాదు. ఆయన గడ్డం గోక్కుని కాసేపు కూర్చుని పోయాడు.

మే 16

పుండు అంచు ఒకచోట నల్లబడింది. రేపు అక్కడ కోసి శుభ్రం చేస్తారట. ఎంతవరకు కోస్తారన్నది కోశాకే తెలుస్తుందన్నాడు డాక్టరు. సంతకం నేనే పెట్టాను. తోడు మనిషి సంతకం కూడా కావాలన్నారు. ఎవరూ లేరన్నాను.

మే 17

పొద్దున్నే నర్సు కాగితంతో మళ్లీ వచ్చింది. తోడు మనిషి ఉండాల్సిందేనట. అదే సమయానికి సుగుణ గుమ్మంలో, చేతిలో టిఫిన్ డబ్బా. ఎవరు చెప్పారో. ఖాజా భాయే అయి ఉంటాడు.

"ఏడ పెట్టాలె సంతకం?" అంది నర్సుతో. నా వైపు చూడలేదు. పేరు మెల్లగా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

"పేషంటుకు ఏమైతవమ్మా?" నర్సు పెన్ను పట్టుకుని నిలబడింది.

సుగుణ కాగితం కేసి చూసింది. నేను ఆమె కేసి.

"ఆపరేషన్ కానియ్యి సిస్టర్. తర్వాత రాస్త."

నర్సు గొణుక్కుంటూ ఆ గడి వదిలేసి వెళ్లింది. డబ్బా నా తలాపున పెట్టి, చెంబు తీసుకుని సుగుణ నీళ్లకు పోయింది. స్ట్రెచర్ వచ్చేసింది. ఆమె ఇంకా రాలేదు...